గురుఋణం ఎట్లా తీరుతుంది?

చనిపోయినవారిని గురించి మంచే చెప్పాలన్నది మన సమాజంలో చాలాకాలంగా పాతుకుపోయిన మర్యాద. బతికి వుండగా గుమ్మం తొక్కనివాళ్ళు కూడా సంతాపసభకు పూలదండతో వస్తారు. సంస్మరణ సంచికలు తిరగేస్తే అందరూ నిగర్వులు, అందరూ నిస్వార్థపరులు, అందరూ చిరునవ్వుతో పలకరించినవారే. మర్యాదకు మనం విరోధులం కాము. కాని గురువును గురించి శిష్యుడు మాట్లాడవలసి వచ్చినప్పుడు, పెద్ద కామ్రేడును గురించి చిన్న కామ్రేడు మాట్లాడవలసి వచ్చినప్పుడు, ఈ మర్యాద ఒక నైతిక సమస్యగా మారుతుంది. మనకు ఆలోచించడం నేర్పినవాడి పట్ల మనకు రెండు బాధ్యతలున్నాయి. ఒకటి కృతజ్ఞత. రెండవది, ఆయన నేర్పిన ఆలోచనను ఆయన జీవితానికి కూడా అన్వయించడం. ఈ రెండింటికీ తగవు వచ్చినప్పుడు శిష్యుడు ఏ పక్షాన నిలవాలి?

తగవు రాని సందర్భాలు లేకపోలేదు. మా సూళ్లూరుపేట నుంచి పులికాటు సరస్సు మీదుగా పోయే రోడ్డు శ్రీహరికోట చేరుతుంది. అక్కడి రాకెట్ కేంద్రానికి 2002లో సతీష్ ధావన్ పేరు పెట్టారు. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.-3 మొదటి ప్రయోగం విఫలమైనప్పుడు సంస్థ అధ్యక్షుడుగా ధావన్ తానే పత్రికలవారి ముందుకు వచ్చి బాధ్యత తలకెత్తుకున్నాడనీ, 1980 జూలైలో ప్రయోగం ఫలించినప్పుడు మాత్రం తనను ముందుకు పంపాడనీ అబ్దుల్ కలాం తర్వాత ఎన్నో సభల్లో చెప్పాడు. ఇక్కడ నిజం చెబితే గురువు పెద్దవాడే అవుతాడు. కృతజ్ఞతా సత్యమూ ఒకే బండికి కట్టిన ఎడ్లలాగా నడుస్తాయి. ఇది సులభమైన లెక్క. కష్టమైన లెక్క వేరే వుంది. దానికోసం మనం సూళ్లూరుపేట నుంచి కోస్తా వెంట పైకి, కాకినాడ దాకా పోవాలి.

1964 డిసెంబరు 1న భువనేశ్వరంలో జె.బి.ఎస్. హాల్డేన్ క్యాన్సరుతో చనిపోయాడు. ఆయన కోరిక ప్రకారం ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. ఆ కళాశాల అప్పటికి ఆరేళ్ళ పసిది. ప్రకృతివరణ సిద్ధాంతానికి గణితపు పునాది వేసిన ముగ్గురిలో ఒకడు, బ్రిటిష్ కమ్యూనిస్టు పత్రిక 'డెయిలీ వర్కర్' సంపాదకవర్గానికి అధ్యక్షుడుగా వున్నవాడు, మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన సైనికాధికారి, చివరికి తెలుగు విద్యార్థుల ముందు బల్లమీద పాఠమై పడుకున్నాడు.

ఆయనకు తెలుగువాడైన శిష్యుడొకడు వున్నాడు. పిఠాపురంలో 1937లో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు 1957లో, ఇరవై ఏళ్ళ వయసులో, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో హాల్డేన్ దగ్గర చేరాడు. గురువు పోయిన తర్వాత 1968లో ఆయన జ్ఞాపకార్థం ఒక వ్యాససంపుటానికి సంపాదకత్వం వహించాడు. 1985లో, ముఖ్యంగా భారతదేశంలో ఆయన చేసిన కృషిని ముందుపెట్టి జీవితచరిత్ర రాశాడు. 2017లో, ఎనభయ్యో ఏట, మరొకటి రాశాడు. 2020లో తానూ కన్నుమూశాడు. ఏడేళ్ళ శిష్యరికానికి అరవై ఏళ్ళ స్మరణ! ఒక మనిషిని అంతకాలం గుర్తుంచుకోవలసి వస్తే మంచిమాటలు మాత్రమే సరిపోవు. ఎందుకు సరిపోవో చూద్దాం.

మొదటి చిక్కు యుద్ధంతోనే వస్తుంది. హాల్డేన్ 1892లో ఆక్స్‌ఫర్డులో పుట్టాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ గనులలోని విషవాయువులను పరిశోధించిన శరీరధర్మ శాస్త్రవేత్త. కొడుకు ఈటన్‌లోనూ ఆక్స్‌ఫర్డులోనూ చదివి, 1914లో యుద్ధం రాగానే బ్లాక్ వాచ్ అనే స్కాటిష్ రెజిమెంటులో అధికారిగా చేరాడు. 1915 ఏప్రిల్‌లో ఈప్రే దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వాయువు వదిలినప్పుడు ప్రభుత్వం తండ్రిని పిలిచింది. తండ్రి కొడుకును పిలిచాడు. గాజుతలుపుల గదిలో క్లోరిన్ నింపి, అందులో కూర్చుని, ముసుగు ఎంతవరకు కాపాడుతుందో తమ ఊపిరితిత్తులతోనే పరీక్షించుకున్నారు. ఆ రొప్పు తగ్గకముందే కొడుకు మళ్ళీ యుద్ధరంగానికి పోయి గాయపడ్డాడు. తర్వాత మెసపొటేమియాలో మరోసారి గాయపడి, 1917లో చికిత్సకు భారతదేశం వచ్చాడు. ఈ దేశంతో ఆయన తొలి పరిచయం అదే.

ఇంతవరకూ వీరగాథే. అయితే ఆ యుద్ధం తనకు ఆనందాన్నిచ్చిందని, మనిషిని చంపడంలో తనకు ఉల్లాసం కలిగిందని హాల్డేన్ దాచకుండా చెప్పుకున్నాడు. తర్వాతి కాలంలో ఆయనను అభిమానించిన అభ్యుదయవాదులకు ఈ మాట గొంతులో ముల్లయింది. కొందరు దాన్ని కొంటెతనమన్నారు. కొందరు అసలు ఎత్తనే లేదు. మనకు తెలిసిన యోధుడు యుద్ధాన్ని చూసి ఏవగించుకోవాలి, చేతులు కడుక్కోవాలి, శాంతివాదిగా మారాలి. మన సాహిత్యంలో శాంతి ఉద్యమం బలంగా వున్న రోజుల్లో ఈ మూసలో ఎన్నో కథలూ నాటికలూ వచ్చాయి. సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టిన ఆచార్య ఆత్రేయ 'విశ్వశాంతి' నాటకం రాసింది కూడా ఆ వాతావరణంలోనే. ఆ ఉద్యమం విలువను ఎవరూ కాదనరు. కాని యుద్ధాన్ని చూడనివాడు శాంతిని కోరడం ఒక సంగతి. యుద్ధంలో ఆనందించి, ఆ ఆనందం తనలోనే వున్నదని తెలిసి, ఆ తర్వాత శాంతివైపు నడవడం వేరే సంగతి. రెండవ శాంతి ఖరీదు ఎక్కువ. ఆ ఒప్పుకోలును మనం తుడిచివేస్తే ఆ ఖరీదునూ తుడిచివేసినట్లే.

మరొక మాట కూడా ఇక్కడే అనుకోవాలి. ఆ ఆనందానికి ఒక వర్గస్వభావం వుంది. మెసపొటేమియా రంగంలో హాల్డేన్‌తో పాటు వేలాది భారతీయ సిపాయిలు వున్నారు. 1916లో కూత్ కోటలో చిక్కుపడి ఆకలికి మాడి లొంగిపోయిన సైన్యంలో ఎక్కువమంది మనవాళ్ళే. వాళ్ళ ఉత్తరాలను సెన్సారు అధికారులు విప్పి చదివేవారు. యుద్ధం వాళ్ళకు ఏమనిపించిందో పుస్తకం రాయమని ఎవరూ అడగలేదు. మన తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరమనే పిలుస్తారు. తరతరాలుగా సైన్యానికి మనుషులను ఇచ్చిన వూరు అది. మన వూళ్ళలో పింఛనుతో తిరిగివచ్చిన సైనికుణ్ణి 'మిలటరీ ఆయన' అంటాం. పిల్లలకు కసరత్తు నేర్పమంటాం, ఆగస్టు 15న జెండా కట్టమంటాం. నీ చేతుల మీదుగా ఏం జరిగిందయ్యా అని మాత్రం అడగం. హాల్డేన్ నిర్మొహమాటంగా మాట్లాడగలిగాడంటే ఆయన గుండె ధైర్యం ఒక్కటే కారణం కాదు. ఈటన్ చదువూ, అధికారి హోదా, ప్రచురణకర్తల పరిచయాలూ ఆయనకు వున్నాయి. నిజం చెప్పే ధైర్యం కూడా సమాజంలో సమానంగా పంపకం కాలేదు. ఈ సంగతి చెప్పడం గురువును తగ్గించడం కాదు, ఆయన నిలుచున్న మెట్టు ఎంత ఎత్తో కొలవడం.

రెండవ చిక్కు ఇంకా పెద్దది. 1925లో హాల్డేన్ రసాయన యుద్ధాన్ని సమర్థిస్తూ 'కాలినికస్' అనే చిన్న పుస్తకం అచ్చువేశాడు. విషవాయుయుద్ధాన్ని నిషేధిస్తూ జెనీవా ఒడంబడిక జరిగిన సంవత్సరమూ అదే. ఆయన వాదం అంకెల మీద నిలుస్తుంది. గుండు తగిలినవారిలో చచ్చేవారి పాలు ఎక్కువ, వాయువు సోకినవారిలో తక్కువ. కాబట్టి తుపాకీ కన్నా వాయువు దయగల ఆయుధం. దాన్ని అసహ్యించుకోవడం కేవలం అలవాటు లేకపోవడమే. అంకెలు సరైనవే. అయినా వాదం తప్పు. ఎందుకంటే ఆ లెక్క ముసుగులు వున్న సైన్యాలు ఒకదానితో ఒకటి పోరాడుతున్నాయని అనుకుంటుంది. పదేళ్ళు తిరిగేసరికి ముస్సోలినీ సైన్యం ఇథియోపియాలో చెప్పులు కూడా లేని జనం మీద విమానాల నుంచి మస్టర్డ్ వాయువు కురిపించింది. ఆయుధం దయగలదా కాదా అన్నది ఆయుధంలో వుండదు, దాన్ని పట్టుకున్న చేతికీ ఎదుట నిలిచిన వాడికీ మధ్యనున్న బలాబలాల్లో వుంటుంది. భౌతికవాది మరచిపోకూడని సంగతి ఇది. 1925 నాటి హాల్డేన్ ఇంకా మార్క్సిస్టు కాలేదు గనక ఈ సంగతి చూడలేకపోయాడని మనం సర్దుకోవచ్చు. కాని సర్దుబాటుకన్నా ఆయన తర్వాత చేసిన పని మేలైన జవాబు.

1936లో స్పెయిన్‌లో ఫాసిస్టు తిరుగుబాటు మొదలైంది. హాల్డేన్ మూడుసార్లు అక్కడికి పోయి, వాయుదాడుల నుంచి ప్రజలను కాపాడే విధానాల మీద రిపబ్లికన్ ప్రభుత్వానికి సలహాలిచ్చాడు. బాంబులు పడే పట్టణంలో సామాన్యులతో పాటు నిలుచున్నాడు. తిరిగివచ్చి 1938లో వైమానిక దాడుల నుంచి రక్షణ మీద పుస్తకం రాసి, లండన్ శ్రామికవాడలకు లోతైన నేలమాళిగలు కట్టాలని పోరాడాడు. 1939 జూన్‌లో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోతే, కార్మికసంఘం కోరికపై, వాళ్ళు ఊపిరాడక ఎట్లా చనిపోయారో తెలుసుకోవడానికి తానే మూసిన గదిలో కూర్చున్నాడు. అంటే, బాంబు విసిరే చోటు నుంచి బాంబు పడే చోటుకు మారాడన్న మాట. 'కాలినికస్' దాచిపెట్టి స్పెయిన్ మాత్రమే చెబితే ఈ మార్పు మనకు కనపడదు. మనిషి ఎట్లా మారతాడో తెలియకపోతే, మనుషులు మారతారని నమ్మే మన ఉద్యమానికి ఆధారమేముంది?

ఇక మూడవ చిక్కు. మన పాఠకులకు దగ్గరగా తగిలేది ఇదే. సోవియట్ జన్యుశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ హాల్డేన్‌కు మిత్రుడు. ఆయన ఆహ్వానం మీదనే 1928లో హాల్డేన్ సోవియట్ దేశం చూశాడు. పంటల పుట్టిల్లు ఎక్కడో వెతుకుతూ ఖండాలు తిరిగి విత్తనాలు సేకరించిన వావిలోవ్‌ను 1940లో అరెస్టు చేశారు. 1943 జనవరిలో సరాతోవ్ జైలులో ఆయన చనిపోయాడు. ఆయన చోటును ట్రొఫిమ్ లైసెంకో ఆక్రమించాడు. 1948 ఆగస్టులో జన్యుశాస్త్రాన్నే బూర్జువా మాయగా ప్రకటించి కొట్టివేశారు. ప్రపంచంలో ఆ తీర్పును కాదనగల అర్హత వున్న కమ్యూనిస్టులలో హాల్డేన్ మొదటి వరసవాడు. జన్యువులు లేవన్న మాటను ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. కాని గట్టిగా ఖండించనూ లేదు. కొంత నిజం వుండవచ్చు, కొంత తప్పు వుండవచ్చు, ఇంకా సమాచారం రావాలి అన్నాడు. 1950 ప్రాంతంలో చప్పుడు లేకుండా పార్టీ నుంచి తప్పుకున్నాడు. చనిపోయే సంవత్సరం బి.బి.సి. కోసం తన సంస్మరణ ప్రసంగాన్ని తానే రికార్డు చేస్తూ కూడా లైసెంకోను పూర్తిగా తోసిపుచ్చలేకపోయాడు.

దీన్ని సమర్థించే వాదం మనకు కంఠతా వచ్చు. ప్రచ్ఛన్నయుద్ధ కాలమది, శత్రువు కాచుకుని వున్నాడు, మన తప్పు మనం ఒప్పుకుంటే వాడి చేతికి కర్ర ఇచ్చినట్లవుతుంది. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. ఆనాడు లైసెంకోను తిట్టినవారిలో కొందరికి శాస్త్రం మీద ప్రేమకన్నా సోషలిజం మీద ద్వేషమే ఎక్కువ. అయినా లెక్క చూసుకుందాం. ఆ మౌనం ఎవరికి లాభించింది? వావిలోవ్ ఎట్లాగూ తిరిగిరాడు. సోవియట్ జీవశాస్త్రం దాదాపు ఒక తరం వెనకబడింది. లైసెంకో ఆధిపత్యం కూలింది 1964లో కృశ్చేవ్ పదవి పోయిన తర్వాతనే. శత్రువు చేతికి కర్ర ఇవ్వలేదన్న మాట కూడా నిజం కాదు. ఆ కర్రను వాడు ఈనాటికీ వాడుతున్నాడు. తప్పు మన నోటినుంచి ముందుగా వచ్చి వుంటే అది మన ఆత్మవిమర్శ అయ్యేది. మనం దాచినందువల్ల అది వాడి ఆయుధమైంది.

మా నెల్లూరుసీమకు ఈ ప్రశ్న కొత్తది కాదు. తిక్కన తెలుగు చేసిన శాంతిపర్వంలో ధర్మరాజుకు ధర్మం బోధించేది ఎవరు? అంపశయ్య మీదనున్న భీష్ముడు. ఆ యుద్ధంలో పదిరోజులు రోజుకు వేలమందిని కూల్చిన సేనాపతి. యుద్ధం చేసినవాడే శాంతికి గురువు కావడం మన కావ్యాల్లో పాతసంగతి. అయితే నన్నయ సభాపర్వంలో నిండుకొలువులో ద్రౌపది ప్రశ్న వేసినప్పుడు ఇదే భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పించుకున్నాడు. జనం దీన్ని మరచిపోలేదు. భీష్ముడు ధర్మం చెబుతుంటే ద్రౌపది నవ్విందనీ, ఎందుకు నవ్వావమ్మా అంటే, ఈ ధర్మమంతా ఆనాడు సభలో ఎక్కడికి పోయింది తాతా అన్నదనీ ఒక కథ మన పల్లెల్లో చెప్పుకుంటారు. దుర్యోధనుడి కూడు తిన్న నెత్తురు అప్పుడు నాలో వుందమ్మా, ఈ బాణాల వల్ల అదంతా కారిపోయింది, ఇప్పుడు మాట్లాడగలుగుతున్నాను అంటాడట భీష్ముడు.

ఈ కథలో మనకు పనికివచ్చేవి రెండున్నాయి. ఒకటి, ప్రశ్న వేసింది ధర్మరాజు కాదు. శిష్యుడుగా కూర్చున్నవాడు అడగలేకపోయాడు. దెబ్బతిన్న మనిషి అడిగింది. గురువు మౌనం వల్ల నష్టపోయినవారి పక్షాన నిలబడితేగాని శిష్యుడికి ఆ ప్రశ్న తట్టదు. రెండవది, ఆ నవ్వు విన్న తర్వాత కూడా బోధ ఆగలేదు. ద్రౌపది లేచిపోలేదు, భీష్ముడు చెప్పింది అబద్ధమని ఎవరూ అనలేదు. అడగడమూ వినడమూ ఒకే చోట జరిగాయి. అయితే భీష్ముడి జవాబు హాల్డేన్ విషయంలో అతకదు. ఆయన ఎవరి కూడూ తినలేదు. తిన్న ఉప్పు నోరు కట్టేయడం మనకు అర్థమయ్యే సంగతి. హాల్డేన్ నోరు కట్టింది జీతం కాదు, విశ్వాసం. ఇది ఎక్కువ ప్రమాదకరమైనది. ఎందుకంటే అమ్ముడుపోయినవాడు తాను అమ్ముడుపోయానని ఎప్పుడో ఒకప్పుడు తెలుసుకుంటాడు. విశ్వాసంతో మౌనంగా వున్నవాడికి తన మౌనం త్యాగంగానే కనపడుతుంది.

మరి ఇంత తెలిసిన తర్వాత ఆ మనిషి మనకు గురువుగా మిగులుతాడా? మిగులుతాడనే నా అభిప్రాయం. దానికి కారణం ఆయన భారతదేశంలో చేసిన పని.

1956లో సూయెజ్ మీద బ్రిటన్ చేసిన దాడిని నిరసించిన హాల్డేన్ 1957లో ఇక్కడికి వచ్చాడు. లాల్చీ పైజమా కట్టి, మాంసం మానేసి, చివరికి ఈ దేశ పౌరుడయ్యాడు. మనం గమనించవలసింది వేషాన్ని కాదు, బోధనను. పెద్ద యంత్రాలు లేవని ఏడ్చే భారతీయ విద్యార్థులకు ఆయన కళ్ళతో చూడడం, వేళ్ళతో లెక్కపెట్టడం నేర్పాడు. పక్షులను చంపకుండా శాస్త్రీయంగా అధ్యయనం చెయ్యడమెట్లాగో 1959లో ఒక వ్యాసం రాశాడు. చంపడంలో ఉల్లాసం పొందానన్న సైనికుడు అహింసాయుతమైన జీవశాస్త్రాన్ని ప్రతిపాదించాడు! ఆయన శిష్యులలో ఒకడు పారిజాతం పూలకు ఎన్ని రేకలున్నాయో లెక్కపెట్టాడు. ఒకడు కొబ్బరిచెట్టు ఆకులు కుడివైపు తిరిగాయా ఎడమవైపు తిరిగాయా అని చూశాడు. మన కృష్ణారావు సీతాకోకచిలుకలు ఏ రంగు పూలమీద వాలుతున్నాయో గమనించాడు. ఆంధ్రదేశానికి వచ్చి, మగవాళ్ళ చెవుల మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుకుకు సంక్రమించే తీరును వంశవృక్షాలతో పరిశీలించాడు. మన ఇళ్ళలో మేనమామ, మేనరికపు పెళ్ళిళ్ళు ఎంత తరచుగా జరుగుతున్నాయో మరొకరితో కలిసి లెక్కకట్టాడు. మన వంటింటి సంబంధాలు శాస్త్రానికి విషయమయ్యాయి. ఇంతకన్నా ప్రజాస్వామికమైన బోధన ఏముంటుంది? సూళ్లూరుపేట పక్కనే నేలపట్టుకు ఏటేటా గూడబాతులు గూళ్ళు కట్టడానికి వస్తాయి. పులికాటులో రాజహంసలు దిగుతాయి. ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, కొంత ఓపిక వుంటే మన పిల్లలు కూడా ఆ బడిలో చేరవచ్చు.

ఆ బడి మొదటి పాఠం ఏమిటి? ఎవరు చెప్పినా సరిచూసుకో అన్నది. హాల్డేన్ ఈ సూత్రాన్ని తన దేహం మీద జీవితమంతా అమలు జరిపాడు. వాయువులు పీల్చాడు, ఆమ్లం తాగాడు, ఒత్తిడి గదుల్లో కూర్చున్నాడు. లైసెంకో విషయంలో మాత్రం తన సూత్రానికి తానే వెనుదీశాడు. అంటే, ఆయనను మనం విమర్శించే కొలత బయటినుంచి తెచ్చింది కాదు, ఆయనే మన చేతికిచ్చింది. గురువు ఇచ్చిన కొలబద్దతో గురువును కొలవడం ద్రోహం ఎట్లా అవుతుంది? కొలవకపోవడమే ఆ కొలబద్దను అవమానించడం.

మన పురాణంలో ఏకలవ్యుడు గురుదక్షిణగా బొటనవేలు కోసి ఇచ్చాడు. గురువు కోరాడు, శిష్యుడి అంగం తెగింది. శతాబ్దాలుగా మనం దీన్నే గురుభక్తికి పరాకాష్ఠ అనుకున్నాం. ఆ కోరికలోని కులాధిపత్యాన్ని మన రచయితలు ఎప్పుడో ఎండగట్టారు. కాకినాడలో జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. గురువు తన దేహమంతా శిష్యులకు ఇచ్చి, కోసి చూసి నేర్చుకోండన్నాడు. వైద్య విద్యార్థి ఆ బల్ల దగ్గర నిలబడినప్పుడు వెకిలితనం చెయ్యడు, ఎదుట వున్నది మనిషి దేహమని అతనికి తెలుసు. అట్లాగని దండం పెట్టి కత్తి కింద పెట్టడు. పెడితే ఆ దానం వ్యర్థం. జబ్బుపడిన భాగం దగ్గర కళ్ళు మూసుకోడు, ఆరోగ్యంగా వున్న భాగాన్ని జబ్బు అనడు. అతని గౌరవం అతని శ్రద్ధలోనే వుంది.

మన సంస్మరణలకు ఈ పద్ధతి చాలు. మనకు మార్క్సిజం నేర్పిన పెద్దలు, మనకు పద్యం చదవడం నేర్పిన పంతుళ్ళు, జైళ్ళకూ యుద్ధాలకూ పోయివచ్చి అరుగుల మీద కూర్చుని మనతో మాట్లాడిన మిత్రులు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ సభల్లో మనం ఏం మాట్లాడబోతున్నాం? ఆ మనిషి ఎక్కడ గెలిచాడు, ఎక్కడ ఓడాడు, ఎప్పుడు మాట్లాడాడు, ఎవరు నష్టపోతున్నప్పుడు వూరుకున్నాడు, ఏ పని మన చేతుల్లో సగంలో వదిలిపోయాడు? ఇవి చెప్పి, ఆ సగం పనిని అందుకున్నవాడే గురుఋణం తీర్చినవాడు. మిగిలినవాళ్ళు దండ ఖరీదు మాత్రం చెల్లించారు.